వేసవి కబుర్లు: జేబులో మరచెంబు

ఆవకాయ కలిపేశాం. మూడో రోజు తిరగతిప్పి, నూనె పైకి తేలిందని చూసుకుని జాడీకి గుడ్డ కట్టేశాం. పిల్లల పరీక్షలు అయిపోయాయి. బందరు రోడ్డు మీద మధ్యాహ్నం పూట కాకి కూడా కనిపించడం లేదు. ఇక మా బెజవాడవాళ్లకి మిగిలిన పని ఒక్కటే, ఊరొదిలి పారిపోవడం. మా వీధిలో అప్పుడే సగం గుమ్మాలకి తాళాలు పడ్డాయి. ఎదురింటివాళ్లు ఊటీ వెళ్లొచ్చారు. మేడమీదివాళ్లు కేదారనాథ్ యాత్రకి పేర్లు నమోదు చేయించుకుని కూర్చున్నారు. పక్కింటి పిన్నిగారు మాత్రం పిఠాపురంలో పుట్టింటికి ప్రయాణం కట్టారు. "నాకే కొండలూ వద్దమ్మా, మా తమ్ముడి పెరట్లో మామిడిచెట్టు కింద నులకమంచం చాలు" అన్నారు. ఆలోచిస్తే అందరిలోకీ ఆవిడే తెలివైనవారు.

మేం అరకు వెళ్లొచ్చాం. బయల్దేరే ముందురోజు అటక మీంచి పెట్టెలు దించుతుంటే మా అత్తయ్యగారి మరచెంబు దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర పడింది. ఇత్తడిది, మర తిప్పితే మూత బిగుసుకునేది. ఎంత కుదిపినా చుక్క ఒలకదు. ఈ కాలం పిల్లలకి అదేమిటో చెప్పినా తెలీదు. "స్టేషన్లో నీళ్ల సీసాలు దొరుకుతాయి కదత్తయ్యా, ఇంత బరువెందుకు?" అన్నాను. ఆవిడ చింతపండు పెట్టి దాన్ని తోముతూ, "దాహం నీళ్లమ్మే చోటు చూసుకుని వెయ్యదమ్మాయ్" అన్నారు.

ఆ మాట అరకు కొండల్లో నాకు మూడుసార్లు గుర్తొచ్చింది. మూడుసార్లూ చేతిలో ఫోనే ఉంది.

ఇరవయ్యేడు యాప్‌లు

వేసవి వచ్చిందంటే మా మేనల్లుడు దిగుతాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడికి మా ఇంట్లో చేసే మర్యాద బంగినపల్లి పళ్లతో, వాడు మాకు చేసేది యాప్‌లతో. ఈసారి మావారి ఫోన్ తీసుకుని ప్రయాణాలకి పనికొచ్చేవి వరసగా పెట్టేశాడు. అన్నీ ఉచితమే. లెక్కపెడితే ఇరవయ్యేడు. మావారు ఆ ఫోన్‌ని పట్టుచీర మడతపెట్టినట్టు జాగ్రత్తగా జేబులో పెట్టుకుని, "ఇక ప్రపంచంలో ఎక్కడికైనా వెళ్లొచ్చు" అన్నారు. వాటిలో ఏది ఎందుకు పనికొచ్చిందో, ఏది ఊరికే చోటు తిందో చెప్పుకోవడానికే ఈ కబుర్లు.

రైలు కబుర్లు

ముందు మావారి కథ. ఆయన జనవరిలోనే మే నెల టికెట్ల కోసం వెతికి, "అప్పుడే అయిపోయాయే!" అని ఊరంతా చెప్పుకొచ్చారు. అయిపోలేదండీ, ఇంకా తెరవనే లేదు. రిజర్వేషన్ 120 రోజుల ముందు మొదలయ్యే కాలం 2024 అక్టోబరుతో పోయింది. ఆ నవంబరు 1 నుంచి 60 రోజుల ముందు మాత్రమే. కాబట్టి వేలు మడిచి లెక్కపెట్టుకోవాలి, లేదా ఫోన్‌లో గుర్తు పెట్టుకోవాలి.

అదీ తప్పిపోతే తత్కాల్. ప్రయాణానికి ముందురోజు ఏసీ వాళ్లకి పొద్దున 10కి, స్లీపర్ వాళ్లకి 11కి. 2025 జులై నుంచి తత్కాల్ టికెట్ ఫోన్‌లో కొనాలంటే ఖాతాకి ఆధార్ జతచేసి ఉండాలి. ఈ సంగతి పది గంటలకి రెండు నిమిషాల ముందు తెలుసుకున్నవాళ్ల ముఖాలు మీరు చూడాలి. మా మరిది ముఖం నేను చూశాను.

రైల్వేవారు అదే జులైలో రైల్‌వన్ అని కొత్త యాప్ తెచ్చారు. రిజర్వేషన్ టికెట్, జనరల్ టికెట్, ప్లాట్‌ఫారం టికెట్, పీఎన్ఆర్ సంగతి, మన పెట్టె ఇంజన్ నుంచి ఎన్నోదో, సీటు దగ్గరకే భోజనం, అన్నీ ఒక్కచోటే. ఇదివరకు వీటికి నాలుగైదు యాప్‌లు కావలసి వచ్చేవి. జనరల్ టికెట్ కొనేవాళ్లు ఇంటి దగ్గరే కొనేసుకోండి. రైలెక్కి కూర్చున్నాక కొందామంటే కుదరదు.

అయితే మా ఇంట్లో అందరి మనసూ గెలిచింది మాత్రం 'వేర్ ఈజ్ మై ట్రైన్'. బెంగళూరులో సిగ్మాయిడ్ ల్యాబ్స్ అనే చిన్న సంస్థ తయారుచేసింది. 2018లో గూగుల్ కొనుక్కుంది. దీని గొప్పేమిటంటే రైల్లో కూర్చున్నాక ఇంటర్నెట్ అక్కర్లేదు, జీపీఎస్ అక్కర్లేదు. దారి పక్కన సెల్ టవర్లు వస్తుంటాయి కదా, వాటినిబట్టి మనమెక్కడున్నామో పోల్చుకుంటుంది. టైంటేబుల్ ఫోన్‌లోనే ఉంటుంది. తెలుగులో పెట్టుకోవచ్చు. అన్నిటికన్నా మేలు, దిగే స్టేషన్ రాబోతుంటే అలారం కొట్టి లేపుతుంది.

ఈ అలారం విలువ పక్కింటి పిన్నిగారికి తెలుసు. పోయినేడు సామర్లకోటలో దిగాల్సిన ఆవిడ కిటికీ గాలికి నిద్రపట్టి అన్నవరంలో మేలుకున్నారు. ఇంకొకరైతే బెంగపెట్టుకునేవారు. ఆవిడ దిగి, కొండెక్కి, సత్యదేవుడి దర్శనం చేసుకుని, విస్తరాకులో ప్రసాదం పట్టుకుని మరీ వెనక్కొచ్చారు. ఈసారి మేనల్లుడు అలారం పెట్టి పంపాడు. సామర్లకోటలో సరిగ్గా దిగి ఫోన్ చేశారు. "దిగానమ్మా... ప్రసాదం మాత్రం లేదు" అన్నారు, కొంచెం వెలితిగా.

దారి కబుర్లు

వేసవంటే పెళ్లిళ్లు కూడా. నెల కిందట ఉయ్యూరు అవతల ఒక పెళ్లికి బయల్దేరాం. ఫోన్‌లో మ్యాప్, దాని పేరెందుకులెండి, దగ్గరి దారి చూపిస్తానని కాలవగట్టు ఎక్కించింది. గట్టు సన్నబడుతూ సన్నబడుతూ చివరికి ఒక గడ్డివాము దగ్గర ఆగిపోయింది. అక్కడ గేదెల్ని కడుగుతున్న పెద్దాయన తలెత్తి కూడా చూడకుండా, "పెళ్లికేనా? పొద్దుట్నుంచీ మీరు నాలుగో కారు" అన్నాడు. అప్పట్నుంచి మా ఇంట్లో ఒక నియమం. ఫోన్ పెద్దరోడ్డు దిగమంటే, దిగేముందు ఒక మనిషిని అడగాలి.

అలాగని మ్యాప్‌ని తీసిపారేయలేం. గూగుల్ మ్యాప్స్ తెలుగులో మాట్లాడుతుంది, కుడికి తిరగమంటుంది, ఎడమకి తిరగమంటుంది. అత్తయ్యకి ఆ గొంతు భలే నచ్చింది. "ఎవరీ పిల్ల? ఎంత ఓపిక! ఎన్నిసార్లు తప్పు తిరిగినా కసరదు" అంటారు మావారివైపు ఓరగా చూస్తూ.

దీనిలో చాలామంది వాడని సౌకర్యం ఒకటుంది. వెళ్లబోయే ప్రాంతం మ్యాప్‌ని ఇంట్లో ఉండగానే ఫోన్‌లోకి దించిపెట్టుకోవచ్చు. అప్పుడు సిగ్నల్ లేని చోట కూడా దారి కనిపిస్తుంది. రోడ్డు రద్దీ ఎంతుందో చెప్పలేదు గానీ దారి చెబుతుంది. పూర్తిగా ఇంటర్నెట్ లేకుండా నడిచేది కావాలంటే ఆర్గానిక్ మ్యాప్స్ ఉంది. ప్రకటనలు లేవు. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే పటం దీనికి ఆధారం. అది ప్రపంచమంతా మనలాంటివాళ్లే తలో చేయీ వేసి గీసుకుంటున్న పటం. మీ ఊరి చెరువు అందులో లేకపోతే మీరే పెట్టొచ్చు.

హైదరాబాదు, విజయవాడ మధ్య కార్లో తిరిగేవాళ్లకి పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్ గేట్లు బంధువుల ఇళ్లంత పరిచయం. వీళ్లకి జాతీయ రహదారుల సంస్థ వారి రాజ్‌మార్గ్ యాత్ర యాప్ పనికొస్తుంది. 2025 ఆగస్టు 15న మొదలైన ఫాస్టాగ్ ఏడాది పాసు అందులోనే కొనుక్కోవచ్చు. సొంత కార్లకే. ఏడాది గానీ, 200 సార్లు టోల్ దాటడం గానీ, ఏది ముందైతే అంతవరకు. మొదలైనప్పుడు ధర 3,000 రూపాయలు. జాతీయ రహదారుల మీదే చెల్లుతుంది సుమా. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు దగ్గర పాసుంది కదా అని దర్జాగా వెళ్తే అక్కడి డబ్బు అక్కడే. హైవే మీద బండి ఆగిపోతే 1033కి ఫోన్ చేయాలి. ఈ నంబరుకి యాప్ కూడా అక్కర్లేదు, గుర్తుంటే చాలు.

బస్సువాళ్ల మాట మరిచానంటే మా తోడికోడలు ఊరుకోదు. తెలంగాణ ఆర్టీసీకి గమ్యం, ఆంధ్ర ఆర్టీసీకి లైవ్ ట్రాక్, బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తాయి. స్టాండులో నిలబడి "వస్తుందాండీ? వస్తుందంటారా?" అని పక్కవాళ్లని అడగడంలోని స్నేహాలు పోయాయి గానీ, ఎండలో నిలబడే బాధ తప్పింది.

ఊటీ నుంచి వచ్చిన సమాచారం

ఎదురింటివాళ్లు ఊటీ చలిని పొట్లం కట్టి తెచ్చినట్టు చెబుతున్నారు. సొంత కారులో వెళ్లారు. నీలగిరికీ, కొడైకెనాల్‌కీ బండి మీద వెళ్లేవాళ్లకి 2024 మే 7 నుంచి ఈ-పాస్ ఉండాలి, మద్రాసు హైకోర్టు ఆదేశం. అది ఫోన్‌లోనే తీసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. వీళ్లు బయల్దేరేముందే తీసుకున్నారు. వీళ్ల ముందు కారువాళ్లు కొండ మొదట్లో దిగి, ఫోన్లు పైకెత్తి సిగ్నల్ కోసం ప్రదక్షిణాలు చేస్తున్నారట.

అక్కడ బోర్డులన్నీ తమిళంలో. గూగుల్ ట్రాన్స్‌లేట్ కెమెరా బోర్డు మీద పెడితే తెలుగులో చూపిస్తుంది. తమిళం, తెలుగు భాషల్ని ముందే దించుకుంటే టైపు చేసిన మాటలకి ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది. హోటల్లో ఇడ్లీల దగ్గర దీని సాయం అక్కర్లేదు, ఇడ్లీకి ఏ భాషలోనైనా ఇడ్లీయే. మందుల షాపు దగ్గర, బస్సు బోర్డు దగ్గర మాత్రం ప్రాణం లేచివచ్చిందన్నారు ఎదురింటావిడ.

విమానం, గుర్తింపు కాగితాలు

మా వదిన డాలస్ నుంచి వచ్చింది. కాశీకి ప్రయాణం. శంషాబాదులో మా అన్నయ్య డిజియాత్ర యాప్‌తో కెమెరాకి ముఖం చూపించి గేటు దాటి లోపలికి వెళ్లిపోయాడు. 2022 డిసెంబరులో ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై తర్వాత మనదాకా వచ్చింది. మన దేశంలో తిరిగే విమానాలకే. ఆధార్‌తో నమోదు చేసుకోవాలి. వదినకి ఆధార్ లేదు కాబట్టి మామూలు వరసలో నిలబడింది. అవతలివైపు అన్నయ్య కాఫీ తాగుతూ చెయ్యి ఊపాడు. ఆ కాఫీ గురించి మా ఇంట్లో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు.

గుర్తింపు కార్డులకి డిజిలాకర్. అందులో ప్రభుత్వ శాఖ నుంచి నేరుగా వచ్చిన ఆధార్, డ్రైవింగ్ లైసెన్సు రైల్లో టీటీఈకి చూపిస్తే చెల్లుతాయి. మనం ఫొటో తీసి అందులో పెట్టుకున్నవి చెల్లవు. ఈ తేడా తెలీక వాదించేవాళ్లని ప్రతి రైల్లోనూ చూస్తుంటాం.

దేవుడి దగ్గరికి

తిరుమల వెళ్లాలనుకుంటే 2023 జనవరిలో వచ్చిన టీటీదేవస్థానమ్స్ యాప్ ఉంది. 300 రూపాయల దర్శనం టికెట్లు, గదులు, సేవలు అన్నీ అక్కడే. దర్శనం టికెట్లు సుమారు మూడు నెలల ముందు విడుదలవుతాయి. అంటే వేసవి సెలవుల్లో స్వామిని చూడాలంటే సంక్రాంతి ముగ్గులు చెరిగేలోపే ఆలోచన మొదలుపెట్టాలి. ఆంధ్రలో మిగతా పెద్ద గుళ్ల సేవలకి ప్రభుత్వం వాట్సాప్‌లో నడిపే మన మిత్ర ఉంది, నంబరు 95523 00009. 2025 జనవరిలో మొదలైంది. కొత్త యాప్ నేర్చుకోనని భీష్మించిన పెద్దవాళ్లకి ఇదే సులువు.

దేవుడి పేరు చెప్పి దోచుకునేవాళ్లూ ఉన్నారు. మా దూరపు చుట్టం ఒకాయన యాత్రాస్థలంలో గది కోసం ఫోన్‌లో వెతికి, పైన కనిపించిన పేజీలో డబ్బు కట్టేశారు. అక్కడికి వెళ్తే గదీ లేదు, ఆ పేజీవాళ్లెవరో అక్కడివాళ్లకి తెలీదు. అలా జరిగితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత ఆలస్యమైతే డబ్బు అంత దూరం పోతుంది.

పెళ్లిళ్ల కాలం కాబట్టి ఇంకోమాట. వాట్సాప్‌లో శుభలేఖ వస్తుంది. నొక్కితే ఫొటో తెరుచుకోదు, ఏపీకే అని ఒక ఫైలు దిగుతుంది. అది శుభలేఖ కాదు, దొంగ చేతికి మన ఇంటి తాళంచెవి. యాప్ ఏదైనా ప్లేస్టోరు నుంచో యాపిల్ స్టోరు నుంచో తీసుకోవాలి గానీ, ఎవరో పంపారని దించుకోకూడదు. శుభలేఖ పంపినవాళ్లని ఒకసారి ఫోన్ చేసి అడిగితే పోయేదేముంది? ఆ వంకన పలకరింపు కూడా అవుతుంది.

సొరంగాలు, పిడుగులు, చుక్కలు

ఇక మా అరకు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ రైలెక్కాం. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని ఓడరేవుకి చేర్చడానికి 1960లలో వేసిన దారి అది. 2017 నుంచి అద్దాల పెట్టె కూడా తగిలించారు. అరకు చేరేలోపు పదుల కొద్దీ సొరంగాలు. మొదటి సొరంగానికి పిల్లలు కేకలు పెట్టారు, పదోదానికి పెద్దవాళ్లు కూడా పెట్టారు. మావారు ఫోన్‌లో రైలెక్కడుందో చూస్తున్నారు. కొండల్లోకి వెళ్లేసరికి టవర్లు లేవు, చుక్క కదలడం లేదు. "రైలాగిపోయింది" అని ప్రకటించారు. కిటికీలోంచి చూస్తే లోయ పరుగెడుతోంది.

అరకులో మా మరిది విశాఖ నుంచి తెచ్చిన కారులో చాపరాయి చూసి, ఆ పైన పాడేరు వైపు కాఫీ తోటలు చూద్దామని బయల్దేరాం. ఒక మలుపు దగ్గర దారి రెండుగా చీలింది. మావారు ఠీవిగా ఫోన్ తీశారు. ఇరవయ్యేడు యాప్‌లు. మ్యాప్ తెరిస్తే బూడిదరంగు గళ్లు. ఇంకోటి తెరిస్తే మధ్యలో గుండ్రంగా ఏదో తిరుగుతోంది. ట్రాన్స్‌లేట్ తెరిచారు, ఎందుకో ఆయనకే తెలియాలి. యాప్‌లు పెట్టారు గానీ వాటిలోకి ఏమీ దించలేదు. అటక మీద ఖాళీ మరచెంబులు ఇరవయ్యేడు!

మేనల్లుడు తన ఫోన్ తీసి, ముందే దించుకున్న మ్యాప్‌లో దారి చూపించాడు. అదే ఫోన్‌లో తెలుగు వికీపీడియా కూడా మొత్తం దించి పెట్టుకున్నాడు, కివిక్స్ అనే యాప్‌తో. 2003 నుంచి ఎవరో ఒకరు ఓపిగ్గా రాస్తూ వచ్చినవి, మన రెండు రాష్ట్రాల ఊళ్లకి తలో పేజీ ఉంటుంది. దారిలో ఏ ఊరి బోర్డు కనిపించినా వాడు చదివి వినిపించాడు. మరిది "నేనిన్నేళ్లు విశాఖలో ఉండి ఇవేవీ ఎరగను" అన్నాడు.

మధ్యాహ్నం మూడింటికి మళ్లీ సిగ్నల్ అందే చోటికి చేరాం. ఉక్కపోసింది. వాడి ఫోన్ గొల్లుమంది. అది దామిని. పుణేలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ చేసిన యాప్. మనమున్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది. మామిడి కాలపు వానలకి గాలి, ఉరుము, పిడుగు తోడు. పొలాల్లో చెట్టు కింద నిలబడినవాళ్ల కబుర్లు ప్రతి ఏటా పేపర్లో చదువుతూనే ఉంటాం. మేం వెదురుబొంగు చికెన్ బండి దగ్గర చెట్టు నీడన ఉన్నాం. చికెన్ వదిలేసి కార్లో కూర్చున్నాం. పావుగంటకి కొండంతా ఉరిమింది. ఆ పూటంతా ఉచిత యాప్‌లన్నిటిలోకీ ఇదే ఖరీదైనదనిపించింది. ఎండ, వానల రోజువారీ సంగతికి వాతావరణ శాఖవారి మౌసమ్ ఉంది, 2020 నుంచి.

రాత్రికి వాన వెలిసింది. కరెంటు పోయింది. బస ముందు వరండాలో కూర్చుంటే ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. మేనల్లుడు స్కైమ్యాప్ తీసి ఫోన్‌ని ఉత్తరం వైపు ఎత్తాడు. ఏ వైపు పెడితే ఆ వైపు చుక్కల పేర్లు చెబుతుంది, ఇంటర్నెట్ అడగదు. సప్తర్షి మండలం దొరికింది. ఇంతలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయింది. అప్పుడు అత్తయ్య అందుకున్నారు. "తోకలో మధ్య చుక్క చూశావా? వశిష్ఠుడు. ఆయన్ని అంటుకుని సన్నగా ఉన్నది అరుంధతి. పెళ్లిలో పట్టపగలు చూపిస్తే మీ తాతయ్య కనిపించిందన్నారు. ఆ అబద్ధంతోనే మా కాపురం మొదలైంది." మేనల్లుడు కళ్లు చికిలించి చాలాసేపు చూసి, "కనిపించిందమ్మమ్మా, నిజంగానే" అన్నాడు. ఆవిడ మరచెంబు మూత తిప్పి వాడికి నీళ్లు పోశారు. బెజవాడలో నింపినవి కావులెండి, సాయంత్రం వానకి ముందు బసలో నింపినవి. ఆ చీకట్లో ఇంకెక్కడా చుక్క నీరు దొరకదు.

తెల్లారి కోయిల కూస్తుంటే వాడు ఇంకో యాప్ తీశాడు. మెర్లిన్ అట, అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం పక్షిశాస్త్రవేత్తలది. కూత విని పిట్ట పేరు చెబుతుంది. కోయిలని సరిగ్గానే పట్టింది. ఆ తర్వాత కాఫీ తోటలో మాకెవరికీ పేరు తెలీని మూడు పిట్టల్నీ పట్టింది. అక్కడ మాత్రం అత్తయ్య కూడా చెవొగ్గి విన్నారు.

ఇంటికొచ్చాక మావారు కూర్చుని పద్దెనిమిది యాప్‌లు తీసేశారు. మిగిలిన తొమ్మిదిలోకి కావలసినవన్నీ దించుకున్నారు. నేను మరచెంబు అటక మీద పెట్టబోతుంటే అత్తయ్య ఆపారు.

"అక్కడెందుకమ్మాయ్, తోమి ఇక్కడే బోర్లించు. దసరాకి కాశీ వెళ్దాం. అన్నట్టు, ఆ అరవై రోజుల లెక్క ఏ తారీకుకి వస్తుందో వాణ్ణి ఇప్పుడే ఫోన్‌లో చూసి పెట్టుకోమను. మళ్లీ జనవరిలో చూసినట్టు చూడొద్దను."